వినిపించే తెలుగు పత్రం: డిజిటల్ అందుబాటు శిక్షణ ఎవరికి, ఎలా

తెలుగులో ‘అందుబాటు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వస్తువు దొరికే చోట ఉండడం ఒకటి, దాన్ని మనిషి చేయి చాచి అందుకోగలగడం మరొకటి. ఒక కార్యాలయం ఉద్యోగ ప్రకటనను స్కాన్ చేసి తన వెబ్‌సైట్‌లో పెట్టి ‘ప్రకటన అందుబాటులో ఉంది’ అని చెప్పినప్పుడు మొదటి అర్థంలో ఆ మాట నిజమే. అదే ఫైల్‌ను ఒక అంధ అభ్యర్థి తెరిస్తే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో చదవడానికి ఏమీ దొరకదు. ఆ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కావు, కాగితం ఫోటో. దరఖాస్తుకు చివరి తేదీ ఏదో తెలుసుకోవాలంటే ఆ అభ్యర్థి పక్కవారిని అడగవలసిందే. ఆ ఫైల్ తయారుచేసిన ఉద్యోగికి ఎవరినీ దూరం పెట్టాలన్న ఉద్దేశం లేదు. కంప్యూటర్‌లో టైపు చేసినదాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టించి, తిరిగి స్కాన్ చేయడం ఆఫీసుల్లో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. వేరే పద్ధతి ఒకటుందని ఆ ఉద్యోగికి ఎవరూ నేర్పలేదు.

డిజిటల్ సమాచారం వికలాంగులకు అందేలా తయారుచేయడం ఎలాగో నేర్పే పాఠాలు ప్రపంచంలో తక్కువేమీ లేవు. వాటిలో చాలా భాగం ఉచితం, నాణ్యమైనవి కూడా. అయితే అవి ఎక్కువగా ఇంగ్లీషులో, వెబ్‌సైట్లను నిర్మించే సాఫ్ట్‌వేర్ నిపుణులను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. తెలుగు పాఠకుడికి రోజూ ఎదురయ్యే సమాచారాన్ని తయారుచేసేవారు వేరు: డీటీపీ ఆపరేటర్లు, జూనియర్ అసిస్టెంట్లు, గ్రామ సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లు, నోట్సును వాట్సాప్‌లో పంపే ఉపాధ్యాయులు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవారు, యూట్యూబ్ చానళ్ల ఎడిటర్లు. శిక్షణ గురించి జరిగే చర్చ వీరి దగ్గర మొదలుకావాలన్నది ఈ వ్యాసం వాదం. (పేరు గురించి ఒక్క మాట: కేంద్ర ప్రభుత్వం ‘దివ్యాంగులు’ అంటుంది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది, హక్కుల కోసం పనిచేసే సంఘాల్లో ‘వికలాంగులు’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఇక్కడ ఆ వాడుకనే అనుసరించడం జరిగింది.)

చట్టం చెప్పేది స్పష్టంగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. దాని 42వ సెక్షన్ ప్రకారం శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా వికలాంగులు వాడుకోగల రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలి. 2017లో వచ్చిన నియమావళిలోని 15వ నియమం ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలను ప్రమాణంగా చూపింది. వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈ-పుస్తకాలకు వాడే ఈపబ్ రూపంలోనో, అక్షరాలను గుర్తించగలిగిన పీడీఎఫ్ రూపంలోనో ఉండాలని చెప్పింది. ఈ చర్చల్లో అంతగా ప్రస్తావనకు రాని 47వ సెక్షన్ శిక్షణకు సంబంధించినది. పంచాయతీ సభ్యులు, శాసనసభ్యులు, పాలనాధికారులు, పోలీసులు, న్యాయమూర్తులు, న్యాయవాదులకు జరిగే శిక్షణలన్నింటిలోనూ వైకల్య హక్కుల పాఠం ఉండాలని అది ఆదేశిస్తుంది. ఉపాధ్యాయులు, వైద్యులు, నర్సులు తదితరుల చదువుల్లో వైకల్యం ఒక భాగం కావాలని కూడా అందులోనే ఉంది.

ఈ బాధ్యతకు ఇటీవలి తీర్పులతో సుప్రీంకోర్టు పదును పెట్టింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రటూరి కేసులో ఇచ్చిన తీర్పులో, 15వ నియమం ప్రమాణాలను సలహాలుగా మాత్రమే చెబుతున్నదని, మూల చట్టం విధిగా పాటించమన్నదాన్ని నియమాలు ఐచ్ఛికంగా మార్చడం చెల్లదని న్యాయస్థానం తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదికను అందించింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ హామీ ఇచ్చే జీవించే హక్కులో అంతర్భాగమని చెప్పింది. యాసిడ్ దాడికి గురైనవారు, అంధులు బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పలేక ఖాతాలు తెరవలేకపోతున్న పరిస్థితి ఆ కేసుకు మూలం. అందులో ఇచ్చిన 20 ఆదేశాల్లో క్రమం తప్పని అందుబాటు తనిఖీలతోపాటు, సిబ్బందికి ఈ విషయంపై ఆన్‌లైన్ పాఠాలు ఉండాలన్నదీ ఒకటి.

తీర్పులు బాధ్యతను ఖరారు చేయగలవు. మండల కార్యాలయంలో ఫైల్ తయారుచేసే మనిషికి వర్డ్‌లో శీర్షిక పెట్టడం ఎలాగో అవి నేర్పలేవు. ఆదేశం ముందు వచ్చి శిక్షణ వెనకబడితే, పని చేసినట్టు చూపే ధ్రువపత్రాలు పెరుగుతాయి గాని పత్రాలు మారవు.

ఇప్పుడున్న శిక్షణ వనరుల్లో ముందుగా చెప్పుకోవలసినవి, వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంలోని వెబ్ యాక్సెసిబిలిటీ (అందుబాటు) ఇనిషియేటివ్ తయారుచేసినవి. 1997లో మొదలైన ఈ విభాగమే డబ్ల్యూసీఏజీ అని పిలిచే ప్రమాణాలను రూపొందిస్తోంది. వాటి మొదటి రూపం 1999లో, రెండవది 2008లో వచ్చాయి, 2018లో 2.1, 2023 అక్టోబర్‌లో 2.2 వెలువడ్డాయి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలైనా, భారతీయ ప్రమాణాల సంస్థ తెచ్చిన ఐఎస్ 17802 అనే అందుబాటు ప్రమాణమైనా వీటి మీద ఆధారపడినవే. ఈ ప్రమాణాల సారం నాలుగు ప్రశ్నల్లో ఇమిడిపోతుంది: సమాచారం చూపుకో వినికిడికో స్పర్శకో తెలిసేలా ఉందా, మౌస్ లేకుండా కూడా నడుస్తుందా, అర్థమవుతుందా, రకరకాల సహాయక పరికరాలతో పనిచేస్తుందా. ఆ విభాగం 2020లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద ప్రారంభించిన ప్రాథమిక కోర్సును రుసుము లేకుండా చదువుకోవచ్చు. అదే పాఠాన్ని తర్వాత తన సొంత వెబ్‌సైట్‌లోనూ ఉంచింది. అధ్యాపకులు తమ పాఠ్యప్రణాళికలో చేర్చుకోవడానికి వీలుగా పాఠాల చట్రాన్ని కూడా అక్కడ ఇచ్చింది.

ఆ వనరులన్నింటిలో కొత్తవారికి ముందుగా చూపదగినవి రెండు. ఒకటి, ఒక్కొక్కటి సుమారు నిమిషం నిడివి ఉన్న పది వీడియోలు. కీబోర్డుతోనే పనిచేసే మనిషి, రంగుల తేడా సరిగా లేక అక్షరాలు కనబడని మనిషి, క్యాప్షన్లు లేక వీడియో అర్థంకాని మనిషి ఏం ఎదుర్కొంటారో అవి చూపిస్తాయి. రెండవది, ఒకే వెబ్‌సైట్‌ను అడ్డంకులతో ఒకసారి, వాటిని తొలగించి మరొకసారి తయారుచేసి పక్కపక్కన పెట్టిన నమూనా. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, వాడకంలోనే తేడా తెలుస్తుంది. ప్రమాణాల్లోని 80కి పైబడిన నిబంధనలను మొదటి రోజే చదివిస్తే నేర్చుకునేవారు బెదిరిపోతారు. కథ ముందు, సూత్రం తర్వాత అన్న పద్ధతి మన బడి పాఠాలకు ఎప్పుడూ సరిపడిందే.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి దారులు ఇంకా విశాలం. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉచిత పాఠాలు ఇస్తున్నాయి. డీక్యూ అనే యాక్సెసిబిలిటీ సంస్థ ‘డీక్యూ యూనివర్సిటీ’ పేరుతో నడిపే ఆన్‌లైన్ కోర్సులను వికలాంగులకు ఉచితంగా అందిస్తోంది. ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునే తెలుగు యువతీయువకులకు అది చాలా విలువైన అవకాశం. అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టిన వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వ్యాసాలు సులభమైన ఇంగ్లీషులో, ఉదాహరణలతో ఉంటాయి. యాక్సెసిబిలిటీ వృత్తి నిపుణుల అంతర్జాతీయ సంఘం నిర్వహించే పరీక్షలు ఉద్యోగానికి పనికివస్తాయి. 2025 జూన్ 28 నుంచి ఐరోపా యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చాక, ఆ దేశాల బ్యాంకులకు, ఆన్‌లైన్ దుకాణాలకు హైదరాబాద్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ నైపుణ్యం లేకుండా పని సాగదు. ఈ వర్గానికి అవసరమూ ఉంది, చదువుకునే భాషా ఉంది, నేర్పే వనరులూ ఉన్నాయి.

అడ్డంకులు ఎక్కడ పుడుతున్నాయో చూస్తే ఈ వనరులు ఎందుకు చాలవో తెలుస్తుంది. వెబ్‌ఎయిమ్ 2019 నుంచి ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తోంది. 2025లో 94.8 శాతం పేజీల్లో ప్రమాణాలకు విరుద్ధమైన లోపాలు కనిపించాయి. వెనుక రంగుతో వెలుతురు తేడా సరిపోని అక్షరాలు, వివరణ లేని చిత్రాలు, పేరులేని ఫారం గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష ఏదో చెప్పని పేజీలు అనే ఆరు రకాలే గుర్తించిన లోపాల్లో 96 శాతం. ఈ ఆరింటిలో ఏదీ కఠినమైన సాంకేతిక సమస్య కాదు. చిత్రానికి వివరణ రాయవలసింది చిత్రాన్ని ఎక్కించిన మనిషి. లేత బూడిద రంగు అక్షరాలను తెల్లటి నేల మీద పెట్టాలని నిర్ణయించింది డిజైన్ చేసిన మనిషి. మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుతురు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలన్నది ప్రమాణం. దాన్ని లెక్కించి చూపే ఉచిత పరికరాలు ఉన్నాయి, వాటి వాడకం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఆ పది నిమిషాల పాఠం ఆ మనిషి దాకా చేరడమే సమస్య.

తెలుగు విషయానికి వస్తే, ఏ అంతర్జాతీయ కోర్సూ చెప్పని చిక్కులు కొన్ని ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది ఫాంట్ల సమస్య. డీటీపీ సెంటర్లలో, ముద్రణాలయాల్లో దశాబ్దాలుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌తో వాడుతూ వచ్చిన ‘అను’ ఫాంట్లు, వాటి కోవకు చెందిన ఇతర ఫాంట్లు, ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణానికి ముందుకాలపు పద్ధతిలో పనిచేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలను, గుడులను, వత్తులను ముక్కలుగా అమర్చడం ఆ పద్ధతి. కంటికి కనిపించేది చక్కటి తెలుగు. ఫైల్ లోపల ఉన్నది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. స్క్రీన్ రీడర్ కంటికి కనిపించేదాన్ని చూడదు, లోపలిదాన్ని చదువుతుంది. కాబట్టి అందమైన ఆహ్వానపత్రమైనా, పాఠ్యపుస్తకమైనా, ప్రభుత్వ కరపత్రమైనా దాని నోట గందరగోళపు శబ్దంగా వినిపిస్తుంది. వెతుకులాటకు దొరకదు, అనువాదానికి పనికిరాదు, బ్రెయిలీలోకి మారదు.

యూనికోడ్ మొదటి రూపం వచ్చిన 1991 నుంచే అందులో తెలుగుకు చోటుంది. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా పాత ఫాంట్లు పోకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు. అలవాటైన కీబోర్డు మారితే చేతి వేగం తగ్గుతుంది, పేజీల లెక్కన కూలి తీసుకునే ఆపరేటర్‌కు ఆ తగ్గుదల నేరుగా ఆదాయంలో తెలుస్తుంది. చేతిలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును సరిగా పేర్చలేదు. ‘యూనికోడ్ వాడండి’ అని సర్క్యులర్ పంపడం ఈ చిక్కును తీర్చదు. తెలిసిన కీబోర్డు అమరికతోనే యూనికోడ్‌లో టైపు చేయడం, పాత ఫైళ్లను మార్చే పరికరాలను వాడడం, మార్చాక వత్తుల దగ్గర దొర్లే తప్పులను పట్టుకుని దిద్దడం కలిపి నేర్పాలి. నేర్చుకునే రోజుల్లో పోయే పనికి భత్యం ఇవ్వాలి. డబ్బు ప్రస్తావన లేని శిక్షణ ప్రణాళిక డీటీపీ సెంటర్ గుమ్మం దాటి లోపలికి పోదు.

యూనికోడ్‌లో టైపు చేసినంత మాత్రాన అంతా చక్కబడదు. తెలుగు పీడీఎఫ్ మరో తలనొప్పి. తెలుగులో ఒక అక్షరం హల్లు, వత్తు, గుణింతం కలిసి ఏర్పడుతుంది. పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ కలయికను బొమ్మల వరుసగా భద్రపరుస్తుంది. ఆ బొమ్మల నుంచి అసలు అక్షరాలను తిరిగి రాబట్టే సమాచారం ఫైల్‌లో సరిగా లేకపోతే గుణింతాలు చెదిరిపోతాయి, వత్తులు పక్క అక్షరానికి తగులుకుంటాయి. పీడీఎఫ్‌లోని ఒక పేరాను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే ఈ లోపం ఎవరికైనా క్షణంలో తెలుస్తుంది. తెలుగు పత్రానికి మామూలు వెబ్ పేజీ గాని, ఈపబ్ గాని మేలైన రూపమని, పీడీఎఫ్ తప్పనిసరైనప్పుడు దానికి తోడుగా వీటిలో ఒకటి ఉంచాలని శిక్షణలో గట్టిగా చెప్పాలి. నోట్‌ప్యాడ్ పరీక్షకు ఖర్చు లేదు, ప్రత్యేక పరిజ్ఞానం అక్కర్లేదు. శిక్షణలో మొదటి గంటలోనే దాన్ని చేయించవచ్చు.

భాషను గుర్తించడం ఇంకో విషయం. వెబ్ పేజీలో భాష తెలుగు అని చెప్పే గుర్తు లేకపోతే, లేదా పొరపాటున ఇంగ్లీషు అని ఉంటే, స్క్రీన్ రీడర్ తెలుగు వాక్యాన్ని తప్పుడు గొంతుతో చదవబోతుంది. ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగుతో కూడా ఇదే ఇబ్బంది. ‘రేపు సెలవు’ అన్న రెండు మాటలను రోమన్ అక్షరాల్లో రాసి తరగతి గ్రూపులో పెడితే, చూపున్న విద్యార్థికి అది సులభంగా అర్థమవుతుంది. ఇంగ్లీషు గొంతులో విన్న అంధ విద్యార్థి ఆ మాటలేమిటో ఊహించుకోవాలి. తక్కువ చూపు ఉన్నవారి సంగతి వేరు. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉండడం వల్ల వరుసల మధ్య ఇంగ్లీషుకు సరిపోయే ఎడం సరిపోదు. ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్‌లో తెలుగును కూర్చినప్పుడు వత్తుల అడుగులు తెగిపోవడం తరచూ కనిపిస్తుంది, ‘క్క’కూ ‘క్ర’కూ తేడా తెలియని స్థితి వస్తుంది.

కాబట్టి తెలుగులో శిక్షణ అంటే ఉన్న ఇంగ్లీషు కోర్సును అనువదించడం కాదు. ఆ పాఠాలు ఊహించని పని ఇక్కడ చాలా ఉంది. పాఠాన్ని ప్రమాణంలోని నిబంధనల సంఖ్య నుంచి మొదలుపెట్టకుండా, మనిషి రోజూ చేసే పని నుంచి మొదలుపెట్టాలి.

మొదటి గంట వినడానికి కేటాయించాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఇద్దరు అంధ యువకులు ఆస్ట్రేలియాలో 2006లో దాని తయారీకి పూనుకున్నారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగు కూడా ఉంది. ఆ గొంతు కొంత యాంత్రికంగా ఉంటుంది, కాని మాట తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ చాలామంది జేబులోనే ఉంది, ఆన్ చేయడమే తెలియదు. శిక్షణకు వచ్చినవారు తాము గతవారం తయారుచేసిన ఫైల్‌ను తెర ఆర్పివేసి వినాలి. ‘చిత్రం, చిత్రం, చిత్రం’ అనో, ‘ఖాళీ పత్రం’ అనో వినిపించినప్పుడు కలిగే ఇబ్బంది ఎన్ని ఉపన్యాసాలు విన్నా కలగదు. అయితే ఇక్కడొక హెచ్చరిక అవసరం. కళ్లు మూసుకుని కాసేపు గడిపితే అంధుల జీవితం తెలిసిపోయిందనుకోవడం పొరపాటు. ఏళ్ల అభ్యాసంతో స్క్రీన్ రీడర్‌ను ఎంతో వేగంగా నడిపే మనిషికీ, మొదటిసారి తడబడే మనిషికీ పోలిక లేదు. వినడం ఫైల్ లోపాన్ని గ్రహించడానికే గాని, జాలి పుట్టించడానికి కాదు.

తర్వాత వర్డ్ పత్రం. శీర్షికను పెద్ద అక్షరాలతో, ముదురుగా పెడితే చూపున్నవారికి అది శీర్షికే. స్క్రీన్ రీడర్‌కు అది మరో వాక్యం. హెడింగ్ స్టైల్ వాడితే, ఎన్‌వీడీఏ వాడే పాఠకుడు ఒకే మీటతో శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ నలభై పేజీల జీవోలో తనకు కావలసిన భాగాన్ని పట్టుకోగలడు. స్పేస్ మీట నొక్కుతూ అమర్చిన అంకెలను పట్టికగా మార్చడం, పట్టికలో మొదటి వరుసను శీర్షిక వరుసగా గుర్తించడం, గడులను అనవసరంగా కలపకపోవడం కూడా ఇలాంటివే. ఈ పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ‘ప్రింట్’ దారిలో పోతే శీర్షికల సమాచారం పోతుంది. ‘సేవ్ యాజ్’ దారిలో సరైన ఐచ్ఛికంతో పోతే నిలుస్తుంది. సంతకం కోసమే స్కాన్ చేస్తున్న కార్యాలయాలకు డిజిటల్ సంతకం ఉంది. అది కుదరని చోట స్కాన్ చేసిన ప్రతికి పక్కనే టైపు చేసిన మూలపత్రాన్ని కూడా ఉంచడానికి అయ్యే శ్రమ ఒక అదనపు క్లిక్.

చిత్రానికి వివరణ రాయడం మాత్రం సాంకేతిక పని కాదు, రచన. అందుకే అది యంత్రానికి లొంగదు, శిక్షణలో ఎక్కువ సమయం కోరుతుంది. ఉచిత కంటి వైద్య శిబిరం గురించిన పోస్టర్‌ను బొమ్మగా పంచుకుని, వివరణలో ‘పోస్టర్’ అని రాస్తే నిబంధన పాటించినట్టు కనిపిస్తుంది, ప్రయోజనం సున్నా. శిబిరం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ బడిలో, వెంట ఏం తీసుకురావాలి అన్నది అక్షరాల్లో ఉంటేనే ఆ పోస్టర్ అందరికీ చేరుతుంది. పోస్టర్‌లో వరుసగా ఉన్న నాయకుల ముఖాల వర్ణన అవసరం లేదు. సందర్భాన్ని బట్టి వివరణ మారుతుంది. కొండపల్లి బొమ్మ ఫోటో అమ్మకపు పేజీలో ఉంటే ఎత్తు, రంగులు, బొమ్మ ఎవరిదన్నది కావాలి. చేతిపనుల పాఠంలో ఉంటే తెల్ల పొణికి చెక్కను చెక్కి అతికిన తీరు కావాలి. పేజీ మూల అలంకారంగా ఉంటే వివరణను ఖాళీగా వదిలేయడమే సరైనది. ఇలాంటి ఉదాహరణలు పది పాతిక తెలుగులో తయారుచేసి, ప్రతిదానికీ రెండు మూడు పాఠాంతరాలు రాయించి, ఏది ఎందుకు మెరుగో చర్చించడం మంచి తరగతి. పత్రికల్లో ఫోటో వ్యాఖ్యలు రాసే అనుభవం ఉన్నవారు దీన్ని చక్కగా నేర్పగలరు.

వినికిడి లోపం ఉన్నవారి విషయంలో శిక్షణ సాధారణంగా క్యాప్షన్ల దగ్గర ఆగిపోతుంది. యంత్రం తయారుచేసిన క్యాప్షన్లను సరిచూడకుండా వదిలేయరాదని, మాటలతోపాటు ముఖ్యమైన శబ్దాలనూ రాయాలని చెప్పడం అవసరమే. కాని పుట్టుకతో చెవిటివారైన చాలామందికి సంజ్ఞాభాషే మొదటి భాష; రాత తెలుగు రెండవ భాష. 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం రూపొందించిన నిఘంటువులో పది వేలకు పైగా పదాలున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సంజ్ఞాభాషలోకి తేవడానికి ఆ కేంద్రం 2020లో ఒప్పందం చేసుకుంది. విపత్తు హెచ్చరికలు, ఆరోగ్య ప్రకటనల వీడియోలు తయారుచేసేవారు తెర మూలలో దుబాసీకి ఎంత చోటివ్వాలో, ఆమె చేతుల మీదికి వార్తల పట్టీ రాకుండా ఎలా చూడాలో తెలుసుకోవాలి.

మేధోవైకల్యం ఉన్నవారికి కావలసింది సులభమైన భాష. సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ మేధోవైకల్య సంస్థ ఈ పాఠం తయారీలో సహజంగా ముందుండవలసిన సంస్థ. ‘తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము నిలుపుదల చేయడమైనది’ అన్న వాక్యాన్ని ‘మళ్లీ చెప్పేవరకు ఆపేశాం’ అని రాయడం నేర్పితే, ఆ మేలు మేధోవైకల్యం ఉన్నవారి దగ్గరే ఆగదు. పింఛను కోసం వచ్చే వృద్ధురాలి దాకా పోతుంది.

తనిఖీ పరికరాల గురించి శిక్షణలో నిజాయితీగా చెప్పాలి. వేవ్, యాక్స్ వంటి ఉచిత పరికరాలు వివరణ లేని చిత్రాన్ని పట్టుకుంటాయి. ఉన్న వివరణ అర్థవంతంగా ఉందో లేదో చెప్పలేవు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం కావాలని 142 అడ్డంకులతో ఒక పేజీ తయారుచేసి పరీక్షించినప్పుడు, పరికరాల్లో అన్నింటికంటే మేలైనది సగం అడ్డంకులను కూడా గుర్తించలేకపోయింది. ఒక వరుస కోడ్ చేర్చితే వెబ్‌సైట్ మొత్తం ప్రమాణాలకు తగినట్టు మారిపోతుందని చెప్పి అమ్మే సాఫ్ట్‌వేర్‌ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అలాంటి ప్రచారం చేసిన యాక్సెసిబీ అనే సంస్థ పది లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. మన కార్యాలయాల వెబ్‌సైట్లలో అక్షరాల పరిమాణం పెంచే, రంగులు మార్చే బటన్ల వరుస పైన కనిపిస్తుంది గాని, ఆ కింద ఉన్న జీవోలు స్కాన్ ప్రతులుగానే ఉంటాయి. ఆ బటన్లు చేసే పనిని ఫోనూ బ్రౌజరూ ఎలాగూ చేస్తాయి.

నేర్పేవారు ఎవరన్నది చివరి ప్రశ్న, బహుశా అన్నింటికంటే ముఖ్యమైనది. స్క్రీన్ రీడర్‌తో డిగ్రీలు పూర్తిచేసి బ్యాంకుల్లో, బడుల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేస్తున్న తెలుగువారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఏ ఫైల్ ఎక్కడ అడ్డుపడుతుందో వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. వారిని ప్రారంభ సభలో శాలువా కప్పి సత్కరించి, పాఠం మాత్రం వేరేవారి చేత చెప్పించే పద్ధతి పోవాలి. పాఠం రూపొందించడంలో, చెప్పడంలో, పరీక్షించడంలో వారు ఉండాలి. ఆ పనికి తగిన పారితోషికం అందాలి. పాలిటెక్నిక్‌లలో, బీఈడీ, జర్నలిజం కోర్సుల్లో, ఉద్యోగంలో చేరినవారికి ఇచ్చే ప్రాథమిక శిక్షణలో ఒక్కొక్క రోజు చొప్పున దీనికి చోటివ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, 47వ సెక్షన్ ఇప్పటికే ఆ అధికారాన్ని ఇచ్చింది.

అలాంటి శిక్షణకు పరీక్ష ఎలా ఉండాలో కూడా ఆ శిక్షకులే నిర్ణయించగలరు. ఇరవై ప్రశ్నల ఆన్‌లైన్ పరీక్షలో టిక్కులు పెట్టించడం కంటే నేరైన మార్గం ఒకటుంది. శిక్షణకు వచ్చిన ఉద్యోగి తన కార్యాలయం గత నెల విడుదల చేసిన ప్రకటనను వెంట తెచ్చుకుని, రోజు ముగిసేలోగా దాన్ని మళ్లీ తయారుచేయాలి. పాతదాన్నీ కొత్తదాన్నీ అంధుడైన పరీక్షకుడు ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, ఎవరి సాయమూ లేకుండా దరఖాస్తుకు చివరి తేదీ ఏదో వెతకాలి. కొత్త ఫైల్‌లో అది ఎంతసేపట్లో దొరికిందన్నదే ఆ ఉద్యోగికి వచ్చే మార్కు.